పక్షిబంధువు సలీం అలీ

ఆకాశమున నెగురు పక్షికి ఎల్లలు లేవని మనము తలంతుము. కాని పక్షికిని ఇల్లు కలదు, కావలి కలదు, ఏటేట పోయి వచ్చు దారి కలదు. ఈ సంగతులను ఓర్పుతో కనిపెట్టి లోకమునకు తెలిపిన భారతీయులలో సలీం అలీ అగ్రగణ్యుడు.

ఆయన 1896వ సంవత్సరము నవంబరు 12వ తేదీన బొంబాయిలో జన్మించెను. పసితనముననే తల్లిదండ్రులను కోల్పోయి, మేనమామయైన అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట పెరిగెను. మేనమామ వేటయందు ప్రీతి గలవాడు. బాలునకును ఒక గాలితుపాకి లభించెను. ఒకనాడు అతడొక పిచ్చుకను కొట్టగా, దాని గొంతుపై పసుపుపచ్చని మచ్చ కనబడెను. అది ఏ జాతిదో మేనమామకు తెలియలేదు. ఆయన బాలుని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు కార్యదర్శియైన మిల్లార్డు దొరకడకు పంపెను. దొర పిట్ట పేరు చెప్పి, సంఘమున భద్రపరచిన పక్షులను ఆదరముతో చూపెను. నాటినుండి బాలుని మనస్సు పక్షులయందే లగ్నమయ్యెను.

ఆ వయస్సుననే ఆయన వ్రాసికొన్న విషయమొకటి గమనింపదగినది. ఒక ఆడపిచ్చుక గూటిలో గ్రుడ్లు పొదుగుచుండగా, మగపిచ్చుక వెలుపల మేకుపై కూర్చుండి కావలి కాయుచుండెను. బాలుడు దానిని కొట్టెను. వెంటనే మరియొక మగపిచ్చుక వచ్చి ఆ చోట నిలిచెను. ఏడు దినములలో ఎనిమిది మగపిచ్చుకలు కూలినవి. కావలిచోటు మాత్రము శూన్యము కాలేదు. చేసిన పని క్రూరమైనదే. కాని చూచినది చూచినట్లు వ్రాయు అలవాటు ఆయనకు అప్పుడే అబ్బెను.

ఆయనకు విశ్వవిద్యాలయ పట్టము లేకుండెను. అందుచే తగిన ఉద్యోగము దొరకుట కష్టమయ్యెను. బొంబాయి వస్తుప్రదర్శనశాలలో కొంతకాలము పనిచేసి, జర్మనీకేగి స్ట్రెసెమాన్ అను పండితునికడ పక్షిశాస్త్రము నభ్యసించెను. 1930లో మరలివచ్చుసరికి పాత కొలువు రద్దయియుండెను. అప్పుడాయన భార్య తెహ్మీనాతో కిహీం అను సముద్రతీర గ్రామమున కాపురముండెను. ఇంటియొద్ద చెట్టుపై గిజిగాండ్రు గూళ్లు కట్టుచుండెను. కొలువు లేదని చింతింపక ఆయన నెలల తరబడి వానినే కనిపెట్టి చూచెను. మగగిజిగాడు సగము గూడు అల్లి ఆడపక్షికై ఎదురుచూచును. ఆడపక్షి వచ్చి పరీక్షించును. నచ్చినచో నిలుచును, లేనిచో వెడలిపోవును. నచ్చిన గూటిని పూర్తిచేసి, మగపక్షి మరియొక గూటికి పూనుకొనును. ఇల్లు కట్టుట మగదాని వంతు, ఎంచుకొనుట ఆడదాని వంతు అని ఇట్లు తేలెను.

1931లో ఆయన హైదరాబాదు సంస్థానమున పక్షులను గూర్చి పరిశోధన ప్రారంభించెను. తెహ్మీనాయు గుడారములలో వసించి ఆయనకు తోడ్పడెను. 1939లో ఆమె మరణించెను. ఆ దుఃఖమును దిగమ్రింగి ఆయన 1941లో భారతీయ పక్షులను గూర్చిన గ్రంథమును ప్రకటించెను. సామాన్యులకు సైతము పక్షులను గుర్తించు నేర్పు దానివలన కలిగెను.

1959 మొదలు ఆయన ఆధ్వర్యమున వలసపక్షుల పరిశోధన సాగెను. వలలో పట్టిన పక్షుల కాళ్లకు సంఖ్యలుగల లోహపు కడియములు తొడిగి విడిచెడివారు. రాజస్థానమునందలి భరత్‌పూరులో కడియము తొడిగిన బాతులు కొన్ని సుదూరమైన సైబీరియాలో దొరకినవి. శీతకాలమున మంచుదేశమును విడిచి అవి హిమాలయములు దాటి వచ్చుచున్నవని స్పష్టమయ్యెను.

భరత్‌పూరు చిత్తడినేల పూర్వము రాజుల వేటపట్టు. 1938లో ఒక్కదినమున అచ్చట 4,273 పక్షులను కాల్చిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట దాని నీటిని సేద్యమునకు మరల్పవలెనని కోరినవారుండిరి. సలీం అలీ ప్రధానియైన నెహ్రూకు విన్నవించి ఆ కొలనులను కాపాడెను. 1981లో అది జాతీయోద్యానవనమయ్యెను. మరుసటి ఏట అందు పశువుల మేత నిషేధింపబడెను. సలీం అలీయు ఈ నిషేధమును సమర్థించెను. పశువులే జీవనాధారమైన చుట్టుపట్ల గ్రామస్థులు ఎదిరించిరి. పోలీసు కాల్పులలో కొందరు ప్రాణములు కోల్పోయిరి.

ఆయన సంఘమువారే 1980 మొదలు పదియేండ్లు అచ్చట పరిశీలన జరిపిరి. ఎనుములు మేయుట మానిన పిమ్మట గడ్డి మితిమీరి పెరిగి నీటిని కప్పివేసెననియు, నీటిపక్షులకు చోటు తగ్గెననియు వారు కనుగొనిరి. పక్షి ఎంచుకొన్న చోటును పశువులే చక్కగా నుంచుచుండెనని తేలెను. తమ పెద్దయే సమర్థించిన నిషేధమునకు విరుద్ధమైనను వారు ఆ ఫలితమును దాచలేదు.

1976లో పద్మవిభూషణ బిరుదము నందుకొన్న సలీం అలీ 1987లో దివంగతుడయ్యెను. పక్షిని రక్షింపగోరువారు అది కోరు నేలను, నీటిని, అచ్చటి మనుష్యులను, పశువులను గూడ ఎరుగవలెను. చూచినది చూచినట్లు చెప్పుట అందులకు తొలిమెట్టు. ఆయన తన శిష్యులకు నేర్పిపోయిన విద్య అదియే.