కొడుకుతో పాటు రేడియో నేర్చుకున్న మనిషి

ముందే చెప్పేస్తున్నా. ఎల్‌కేజీ నుంచి ఇంటర్ దాకా నాది ఇంగ్లీష్ మీడియం. తెలుగులో నేను రాసిన అతి పొడవైన విషయం ఇంతవరకు మా అమ్మమ్మకి పెట్టిన వాట్సాప్ మెసేజే. తప్పులుంటే మన ఎడిటర్ అక్కే దిద్దాలి. ఈసారి థీమ్ మీకు నచ్చిన ఒక మహానుభావుడు అన్నారు కదా. అందరూ కలాం గారి గురించో రామానుజన్ గురించో రాస్తారని నాకు తెలుసు. నేను మాత్రం హైరమ్ పెర్సీ మాక్సిమ్ గురించి రాస్తున్నా. ఎందుకో తెలియాలంటే ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

ఫస్టియర్‌లో ఆన్‌లైన్‌లో ఒక చిన్న వాకీటాకీ కొన్నాను. అమ్మినవాళ్లు లైసెన్స్ ఉందా అని అడగలేదు, అడుగుతారని నాకూ తెలియదు. హాస్టల్ డాబా మీద కూర్చుని నంబర్లు తిప్పుతుంటే ఎవరో మాట్లాడుకోవడం వినిపించింది. ఏదో డ్యూటీలో ఉన్నవాళ్లని గొంతులోనే తెలుస్తోంది. బటన్ నొక్కి హలో, టెస్టింగ్ అన్నాను. అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. నాకు భలే థ్రిల్‌గా అనిపించింది. ఇంకోసారి నొక్కాను.

కిందకొచ్చి గొప్పగా చెప్పుకుంటే, ఈసీఈ సీనియర్ అన్న ఒకాయన నా చేతిలోంచి సెట్ తీసుకుని బ్యాటరీ ఊడదీశాడు. నువ్వు బటన్ నొక్కినంతసేపూ వాళ్లలో ఒకరి మాట ఇంకొకరికి చేరదు, ఆ మాట అంబులెన్స్ కోసం అయితే ఏం చేస్తావు అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మన దేశంలో ఇలాంటి సెట్‌తో మాట్లాడటానికే కాదు, దగ్గర పెట్టుకోవడానికి కూడా లైసెన్స్ కావాలని అప్పుడే తెలిసింది. తర్వాత ఆయనే నాకు మాక్సిమ్ పేరు చెప్పి, చదువుకోమన్నాడు.

మాక్సిమ్ 1869 సెప్టెంబర్ 2న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. వాళ్ల నాన్న హైరమ్ స్టీవెన్స్ మాక్సిమ్ అంటే చాలామందికి తెలుస్తుంది. మాక్సిమ్ గన్ అనే మెషిన్ గన్ కనిపెట్టింది ఆయనే. ఆ నాన్న 1881లో యూరప్ వెళ్లి అటే లండన్‌లో స్థిరపడిపోయాడు, సర్ బిరుదు కూడా తెచ్చుకున్నాడు. అమెరికాలో తల్లి దగ్గర పెరిగిన కొడుక్కి అప్పటికి పదకొండు, పన్నెండేళ్లు. నాన్న మేధావి, కానీ ఇంట్లో లేడు. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పని ఉంది.

కుర్రాడు చదువులో చురుకు. 1886లో ఎంఐటీ నుంచి బయటికొచ్చేసరికి పదిహేడేళ్లు కూడా నిండలేదు. తర్వాత మసాచుసెట్స్‌లోని లిన్ అనే ఊళ్లో తూటాలు, గుండ్లు చేసే ఫ్యాక్టరీలో పనిచేస్తూ, పెట్రోల్‌తో నడిచే బండి చేయాలని పట్టుబట్టాడు. అప్పటికి పెట్రోల్ ఎలా పేలుతుందో ఆయనకి తెలియదు. ఖాళీ ఫిరంగి తూటాలో కొన్ని చుక్కలు వేసి, అగ్గిపుల్ల గీసి చూశాడు. బతికి బయటపడ్డాడు కాబట్టి సరిపోయింది, మీరు మాత్రం చేయకండి. ఆ తర్వాత మూడు చక్రాల సైకిల్‌కి ఇంజన్ బిగించాడు. అది చూసే 1895లో కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో ఒక పెద్ద సైకిళ్ల కంపెనీ తన మోటారు బళ్ల విభాగానికి ఆయన్ని తీసుకుంది.

తుపాకీ శబ్దాన్ని తగ్గించే సైలెన్సర్ కూడా ఆయనదే. 1909లో పేటెంట్ వచ్చింది. తండ్రేమో లోకంలోకెల్లా పెద్ద మోత తయారుచేస్తే, కొడుకు ఆ మోతని నోరు మూయించే గొట్టం తయారుచేశాడు. నాకైతే ఇది సినిమా కథలా అనిపించింది.

ఇక అసలు విషయానికొస్తా. నలభై దాటాక ఆయన రేడియోలోకి వచ్చాడు, అదీ సొంత కొడుకు వల్ల. ఆ అబ్బాయి పేరు హైరమ్ హామిల్టన్ మాక్సిమ్, పదేళ్లు దాటినవాడు. అప్పట్లో అమెరికా కుర్రాళ్లకి వైర్‌లెస్ పిచ్చి పట్టింది. తీగచుట్ట, స్పార్క్ వచ్చే ఖాళీ, మోర్స్ కీ, పెరట్లో పొడుగాటి తీగ ఉంటే చాలు, పక్క ఊరికి చుక్కా గీతల్లో మాట్లాడొచ్చు. పేరున్న ఇంజనీరు, ఫ్యాక్టరీ యజమాని అయిన నాన్న, కొడుకు పక్కన కూర్చుని అందులోకి దిగాడు. తనకి దొరకనిది తన కొడుక్కి ఇచ్చాడనిపిస్తుంది నాకు. ఇది నా ఊహే, ఆయన ఎక్కడైనా అలా చెప్పాడని కాదు.

అప్పటిదాకా ఎవరికీ లైసెన్స్ లేదు. ఎవరికి తోచిన చోట వాళ్లు పంపేవాళ్లు, నౌకాదళం సందేశాలకి అడ్డం పడేవాళ్లు. డాబా మీద నేను చేసిందే, వేలమంది చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగింది. అదే ఏడాది అమెరికాలో రేడియో చట్టం వచ్చింది. అమెచ్యూర్ అయినా సరే లైసెన్స్ తీసుకోవాలి, పవర్ 1 కిలోవాట్ దాటకూడదు, తరంగదైర్ఘ్యం 200 మీటర్లు లేదా అంతకంటే తక్కువే వాడాలి. ఆ రోజుల్లో తరంగం ఎంత పొడుగైతే అంత దూరం పోతుందని నమ్మేవాళ్లు. అంటే 200 మీటర్ల కింద ఉన్నది ఎవరికీ అక్కర్లేని బంజరు భూమి. పిల్లలు అక్కడ ఆడుకుని వాళ్లే మానేస్తారులే అనుకున్నారన్నమాట.

1914లో హార్ట్‌ఫర్డ్‌లో రేడియో క్లబ్ మొదలైంది. ఆ వసంతంలో మాక్సిమ్‌కి ఆడియాన్ అనే వాక్యూమ్ ట్యూబ్ ఒకటి కావాల్సి వచ్చింది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక అమెచ్యూర్ దగ్గర అమ్మకానికి ఉందని తెలిసింది. దూరం ఓ 40 కిలోమీటర్లు. ఈయన దగ్గర 1 కిలోవాట్ స్టేషన్ ఉంది, అయినా సిగ్నల్ చేరలేదు. అప్పుడు మధ్యలో విండ్సర్ లాక్స్ అనే ఊళ్లో ఒకాయన ఉన్నాడని గుర్తొచ్చింది. ఆయనకి పంపితే, ఆయన అటు పంపాడు. బేరం కుదిరింది.

మనం కంప్యూటర్ నెట్‌వర్క్స్‌లో చదివే మల్టీ హాప్ రూటింగ్ ఇదే కదా! నేరుగా వెళ్లకపోతే మధ్యలో నోడ్ పెట్టు. తేడా ఏంటంటే, ఇక్కడ నోడ్ అంటే డబ్బు తీసుకోకుండా రాత్రి మేలుకుని పక్కవాడి మాట మోసే మనిషి. ఇలాంటివాళ్లని దేశమంతా వరుసగా కలిపితే అని మాక్సిమ్ ఆలోచించాడు. 1914లోనే అమెరికన్ రేడియో రిలే లీగ్ పుట్టింది. ఆయనతో పాటు దాన్ని మొదలుపెట్టింది క్లారెన్స్ టస్కా అనే, ఇరవై కూడా నిండని కుర్రాడు. కొన్ని నెలల్లోనే రెండొందలకు పైగా స్టేషన్లు చేరాయి. 1915 డిసెంబర్‌లో క్యూఎస్‌టీ పత్రిక వచ్చింది, ఇప్పటికీ వస్తోంది.

ఆ పత్రికలో ముసలాయన అనే అర్థం వచ్చే కలంపేరుతో ఒకరు రాసేవాళ్లు. గాల్లో పద్ధతి లేకుండా అడ్డొచ్చేవాళ్లని ఉతికి ఆరేసేవాళ్లు. అలాంటివాళ్లని దండించడానికని వౌఫ్‌హాంగ్ అని ఒక వింత ఆయుధం కూడా కనిపెట్టారు, సరదాకే లెండి. ఆ ముసలాయన మాక్సిమేనని చాలామందికి తెలిసింది ఆయన పోయాకే. చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, వెంటనే డాబా గుర్తొచ్చి ఆగిపోయింది.

1917 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధంలోకి దిగింది. అమెచ్యూర్ స్టేషన్లన్నీ మూసేసి యాంటెన్నాలు దించేయమని ఆర్డర్. దించేశారు. 1918 నవంబర్‌లో యుద్ధం అయిపోయినా తాళం తియ్యలేదు. పైగా రేడియో మొత్తాన్ని నౌకాదళం చేతుల్లో పెట్టే బిల్లు కాంగ్రెస్‌లోకి వచ్చింది. అది పాసైతే అమెచ్యూర్ల కథ అంతటితో సరి. లీగ్ దగ్గర డబ్బు లేదు, సభ్యులు చెల్లాచెదురు. మాక్సిమ్ వాషింగ్టన్ వెళ్లి కమిటీ ముందు వాదించాడు, పాత సభ్యులతో ఉత్తరాలు రాయించాడు. బిల్లు ఆగిపోయింది. 1919 అక్టోబర్ 1న మళ్లీ మాట్లాడటానికి అనుమతి వచ్చింది. లైసెన్స్ అంటే ప్రభుత్వం పెట్టిన అడ్డంకి అనుకునేవాణ్ని నేను. ఇది చదివాక తెలిసింది, మనకంటూ గాల్లో ఒక చోటు ఉందనడానికి అదే పట్టా. దానికోసం ఒకరు పోట్లాడాల్సి వచ్చింది.

తర్వాత జరిగింది ఇంకా బాగుంటుంది. 1921 డిసెంబర్‌లో అమెరికా అమెచ్యూర్ల సిగ్నళ్లు అట్లాంటిక్ దాటి స్కాట్లాండ్‌లో వినిపించాయి. 1923 నవంబర్‌లో ఫ్రాన్స్‌లోని నీస్ నుంచి లియాన్ డెలాయ్, హార్ట్‌ఫర్డ్ పక్క ఊరి నుంచి ఫ్రెడ్ ష్నెల్ నేరుగా మాట్లాడుకున్నారు. ఎక్కడనుకున్నారు? 100 మీటర్ల ప్రాంతంలో, అంటే ఎవరికీ అక్కర్లేదని పారేసిన చోట. పొట్టి తరంగాలు పైనున్న అయనోస్ఫియర్‌కి తగిలి వంగి, సముద్రాల అవతల దిగుతాయి. కొద్ది పవర్ చాలు. బంజరు భూమిలో బంగారం పండింది. 1925లో పారిస్‌లో అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో యూనియన్ పెట్టినప్పుడు మొదటి ప్రెసిడెంట్ మాక్సిమే.

చివరి రోజుల్లో ఆయన దృష్టి నక్షత్రాల మీద పడింది. 1936లో అరిజోనాలోని లోవెల్ అబ్జర్వేటరీ చూడ్డానికి రైల్లో వెళ్తూ దారిలో జబ్బుపడ్డాడు. కొలరాడోలోని లా హంటా అనే ఊళ్లో దింపి ఆస్పత్రిలో చేర్చారు. ఫిబ్రవరి 17న చనిపోయాడు, 66 ఏళ్లు. ఆయన కాల్‌సైన్ డబ్ల్యూ1ఏడబ్ల్యూ. 1938లో న్యూయింగ్టన్‌లో ఆయన పేరు మీద కట్టిన స్టేషన్ అదే కాల్‌సైన్‌తో ఇవాళ్టికీ మోర్స్ పాఠాలు పంపుతోంది. మనిషి పోయి ఇన్నేళ్లయినా పేరు ఇంకా గాల్లో ఉంది.

మనకేంటి సంబంధం అంటారా? హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 2004 డిసెంబర్‌లో ఆ సంస్థ తరఫున అండమాన్ వెళ్లిన హామ్‌ల బృందం, సునామీ వచ్చి ఫోన్లు పోయినప్పుడు అక్కడివాళ్ల క్షేమసమాచారాలు బయటికి చేరవేసింది. విండ్సర్ లాక్స్ మనిషి చేసిన పనే అది.

ఆసక్తి ఉన్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నేను నేర్చుకున్నది చెప్తా. మొదట సెట్ కొనకండి, మొదట వినండి. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే యూనివర్సిటీ వెబ్‌ఎస్‌డీఆర్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, పైసా ఖర్చు లేదు. తర్వాత పరీక్ష. రేడియో థియరీ, రూల్స్ రెండూ ఉంటాయి. పన్నెండేళ్లు నిండితే రాయొచ్చు. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ అక్కర్లేదు, జనరల్ గ్రేడ్‌కి కావాలి. లైసెన్స్ వచ్చాకే సెట్. అప్పుడు కూడా సెట్ కంటే యాంటెన్నా గురించి ఎక్కువ ఆలోచించండి. 7.1 మెగాహెర్ట్జ్‌కి డైపోల్ అంటే మొత్తం 20 మీటర్ల తీగ, మధ్యలో కేబుల్, అటు పది ఇటు పది. మంచి ఎత్తులో కడితే ఖరీదైన సెట్ చేయలేని పని చేస్తుంది. కరెంటు తీగల దగ్గరికి మాత్రం పోనివ్వద్దు. 100 వాట్ల సెట్ అయితే 13.8 వోల్టుల దగ్గర 20 ఆంపియర్ల దాకా లాగుతుంది, పవర్ సప్లైకి కూడా డబ్బు పక్కన పెట్టుకోండి.

చివరిగా ఒక ఇంటి విషయం. మా నాన్నకి తెనాలిలో మోటార్ వైండింగ్ షాపు. ఎంసెట్ ర్యాంక్ వచ్చిన రోజు నుంచి మా ఇద్దరి మధ్య తిన్నావా, ఫీజు కట్టావా తప్ప మాటల్లేవు. సంక్రాంతి సెలవుల్లో మోర్స్ కీ కావాలని అడగలేక అడిగాను. ఎందుకని కూడా అనలేదు. విరిగిన హాక్సా బ్లేడు ముక్క, రెండు ఇత్తడి స్క్రూలు, చెక్క ముక్క, ఒక బజర్‌తో అరగంటలో చేసి ఇచ్చారు. మర్నాడు నేను ప్రాక్టీస్ చేస్తుంటే పక్కన కూర్చుని, ఆ చివరి అక్షరం ఏంటని అడిగారు. చుక్కలు గీతలు కాగితం మీద చూసి నేర్చుకోకూడదు, చెవితోనే పట్టాలి అని చెప్పాను. నేను ఆయనకి ఏదైనా నేర్పడం అదే మొదటిసారి.

ఇప్పుడు నాన్నకి ఇరవై అక్షరాలు వచ్చు. నా కంటే స్పీడ్ తక్కువ, తప్పులు మాత్రం చెయ్యరు. వచ్చే సెమ్ సెలవుల్లో నేను పరీక్ష రాస్తున్నా. ఆ వాకీటాకీ బ్యాటరీ ఇంకా అన్న దగ్గరే ఉంది. లైసెన్స్ చూపించి తీసుకుంటా.