వెగెనర్ – విల్లుమ్‌సెన్

ఈసారి నేను ఆల్ఫ్రెడ్ వెగెనర్ జీవితం రాస్తున్నాను. ఖండాలు కదులుతాయని పాఠంలో చదువుకున్నాం. ఆ మాట చెప్పినాయన ఎట్లా బతికారో, ఎట్లా పోయారో చదవలేదు.

వెగెనర్ 1880 నవంబరు 1న బెర్లిన్‌లో పుట్టారు. ఖగోళశాస్త్రం చదివి వాతావరణం మీద పనిచేశారు. 1906లో అన్న కుర్ట్‌తో కలిసి 52 గంటలకు పైగా బెలూన్‌లో ఎగిరి రికార్డు సాధించారు.

పటంలో దక్షిణ అమెరికా, ఆఫ్రికా ఒడ్డులు చింపిన కాగితం ముక్కల్లాగ అతుకుతాయి. రెండు వైపులా రాళ్ళూ, శిలాజాలూ కలిశాయి. ఒకప్పుడు అంతా ఒకటే నేల అని 1912లో ఆయన ఉపన్యాసం ఇచ్చారు. 1915లో పుస్తకం రాశారు. చాలామంది పండితులు నవ్వారు. ఇంత నేలను ఏ బలం జరిపింది అంటే ఆయన దగ్గర గట్టి జవాబు లేదు.

1930లో గ్రీన్‌లాండ్ పోయారు. మంచు నడుమ శిబిరంలో ఉన్న తోటివాళ్ళ కోసం కుక్కల బండ్లతో 400 కిలోమీటర్లు ప్రయాణం చేశారు. సరిగ్గా తన 50వ పుట్టినరోజున తిరిగి బయలుదేరారు. వెంట రాస్మస్ విల్లుమ్‌సెన్ అనే గ్రీన్‌లాండ్ యువకుడు ఒక్కరే. దారిలో వెగెనర్ చనిపోయారు. విల్లుమ్‌సెన్ ఆయనను మంచులో జాగ్రత్తగా పాతిపెట్టి, గుర్తుగా స్కీలు నాటి, ఒంటరిగా ముందుకు సాగారు. ఆ గుర్తు వల్లనే 1931 మే నెలలో వెగెనర్ దేహం దొరికింది. విల్లుమ్‌సెన్ ఇంతవరకూ దొరకలేదు.

మరి రుజువు ఎట్లా వచ్చింది? మా అన్న ఉస్మానియాలో జియోఫిజిక్స్ చదువుతాడు, నల్లకుంటలో రూము. నేను పోయినప్పుడు తార్నాక దాటినంక ఎన్.జి.ఆర్.ఐ. గేటు చూపించాడు. భూమిని పరిశోధించే ఆ సంస్థ 1961లో మొదలైంది. అక్కడ నిలబడి ఇట్లా చెప్పాడు.

సముద్రం అడుగున పొడుగాటి కొండల వరుస ఉంటుంది. దాని నడిమి పగులులోంచి లావా వచ్చి గడ్డకడుతుంది. అప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు ఆనాటి భూమి అయస్కాంతం ఎటుంటే అటే నిలుస్తాయి. భూమి అయస్కాంతం ఎన్నోసార్లు తిరగబడింది. చివరిసారి తిరగబడి సుమారు 7 లక్షల 80 వేల ఏండ్లు. అందుకే అడుగున పట్టీలు పట్టీలుగా ఉంటుంది, ఒకటి సూటిగా, ఒకటి తలకిందులుగా. కొండకు రెండు పక్కలా అదే వరుస. ఓడ ఇనుము అడ్డురాకుండా మాగ్నెటోమీటరును వెనక దూరంగా లాగుతూ కొలుస్తారు.

1962లో ఓవెన్ అనే బ్రిటిష్ ఓడ అరేబియా సముద్రం దక్షిణాన కార్ల్స్‌బర్గ్ కొండవరుస మీద అట్లా కొలిచింది. 1963లో వైన్, మాథ్యూస్ ఆ కొలతలకు అర్థం చెప్పారు. సముద్రం అడుగు కొత్తగా పుడుతూ రెండు పక్కలకూ జరుగుతోందని, దానితోపాటే ఖండాలూ జరుగుతాయని తరువాత అందరూ ఒప్పుకున్నారు. మన దేశం ఒకప్పుడు ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా ఉత్తరానికి జరిగిందని కూడా ఈ పట్టీలే చెప్పాయి. వెగెనర్ మాటకు మన పక్క సముద్రమే సాక్ష్యం పలికింది. అప్పటికి ఆయన పోయి 33 ఏండ్లు.

వెగెనర్ పేరు లోకమంతా తెలుసు. విల్లుమ్‌సెన్ పేరు ఎందరికి తెలుసు? మా తాత కూడా సర్వేకి వచ్చినవాళ్ళకు అడవిదారి చూపించాడు. ఆయన పేరు ఎవరూ రాసుకోలేదు. అందుకే పైన రెండు పేర్లూ కలిపి రాశాను. మీ గూడెంలో అట్లాంటి పెద్దలుంటే పేర్లు తెచ్చి ఇవ్వండి, వచ్చే సంచికలో రాద్దాం.