నిరతాన్నదాత్రి డొక్కా సీతమ్మ

గోదావరి సీమలోని మండపేటలో 1841వ సంవత్సరమున జన్మించిన సీతమ్మగారు, డొక్కా జోగన్నగారి యిల్లాలై లంకల గన్నవరము చేరిరి. వైనతేయ గోదావరిని దాటవచ్చు బాటసారులు ఏ వేళ వచ్చినను, కులమేదని యడుగక, ఆమె పొయ్యి వెలిగించి వండి వడ్డించెడివారు.

ఒకమారు ఆమె అంతర్వేది యాత్రకు బయలుదేరిరట. దారిలో ఒక మజిలీకడ, గన్నవరము చేరినచో సీతమ్మ యింట అన్నము దొరకునని ఎవరో ఆకలిగొన్న తమ పిల్లల నూరడించుట ఆమె చెవినబడెను. ఆమె ప్రక్కనే యున్నట్లు వారెరుగరు. ఆ యిల్లు తమ పుట్టినిల్లే యన్నంత ధీమా మాత్రము వారికి గలదు. ఆ నమ్మకము వమ్ము కారాదని ఆమె యాత్ర మానుకొని వెనుదిరిగి, వారు వచ్చునంతలో వంట సిద్ధపరచిరని ప్రతీతి.

ఆమె 1909లో పరమపదించిరి. వైనతేయపై గన్నవరముకడ నున్న అక్విడెక్టు నేడు ఆమె పేరనే పిలువబడుచున్నది. పెట్టిన పిడికెడన్నముతో పరాయివాడును బంధువగునని ఆ తల్లి జీవితము తెలుపుచున్నది.