కంచెయే చేను మేసినచో: మెచ్నికాఫ్ జీవితము

1882వ సంవత్సరాంతమున ఇటలీలోని మెస్సీనా రేవున, ఇంటివారందరు సర్కసు చూడబోగా, ఎలీ మెచ్నికాఫ్ ఒంటరిగ సూక్ష్మదర్శిని ముందు కూర్చుండెను. గాజువలె పారదర్శకమైన నక్షత్రచేపల డింభకములలో కదలాడు కణములను చూచుచుండగా ఆయనకొక ఊహ తోచెను. తోటలోని గులాబిముల్లు తెచ్చి డింభకపు చర్మము క్రింద గ్రుచ్చెను. ఆ రాత్రి నిదుర పట్టలేదు. తెల్లవారి చూడగా సంచారకణములు ముంటి చుట్టును మూగియుండెను. చొరబడిన శత్రువును మ్రింగు ఈ కణములే భక్షకకణములు. వాపు, ఎఱ్ఱదనము, మంట—వైద్యులు శోథ యనునది—దేహము తన్ను తాను కాచుకొను పోరాటమని ఆయన వాదించెను.

1845లో, నేటి ఉక్రెయినులోని ఖార్కివ్ ప్రాంతమున జన్మించిన మెచ్నికాఫ్, నాలుగేండ్ల విశ్వవిద్యాలయపు చదువును రెండేండ్లలో ముగించిన మేధావి. కాని బ్రతుకుపై మక్కువ లేనివాడు. 1869లో ఆయన పెండ్లాడిన లుద్మిలా క్షయరోగి. పెండ్లినాడే ఆమెను కుర్చీలో చర్చికి మోసికొనిపోవలసి వచ్చెను. 1873లో ఆమె మరణింపగా ప్రాణత్యాగమునకు యత్నించి బ్రతికెను. 1881లో మరల నిరాశకు లోనై, జ్వరరోగి రక్తమును తన దేహమున ఎక్కించుకొనెను. చచ్చినను ఆ జ్వరము రక్తము ద్వారా సోకునో లేదో లోకమునకు తెలియునని! అపుడును మృత్యువు ఆయనను విడిచిపెట్టెను.

1888లో పారిస్ లోని పాస్తర్ సంస్థలో చేరెను. 1908లో జర్మనీకి చెందిన పాల్ ఎర్లిఖ్‌తో కలిసి నోబెల్ బహుమతి నందెను. అప్పటికే ఆయన దృష్టి ముసలితనముపైకి మరలియుండెను. జరాశాస్త్రమునకు 1903లో పేరు పెట్టినదాయనయే. వయసు మీరినకొలది పెద్దప్రేగులోని సూక్ష్మజీవుల విషము దేహమును క్రుంగదీయుననియు, అంతట కావలియున్న భక్షకకణములే జుట్టు రంగును, మెదడు కణములను సైతము తినివేయుననియు ఆయన మతము. విరుగుడుగా నిత్యము పులిసినపాలు సేవించెను. పెరుగు లేనిదే ముద్ద దిగని మనకిది వింత గాదు గాని, ఐరోపాలో అది పెద్ద సంచలనమయ్యెను.

ఈ మతములో చాల భాగము నిలువలేదు; జుట్టు నెరపునకు భక్షకకణములు కారణము గావు. అయినను మూలమున నున్న ఊహ చావలేదు. రక్షకకణములు రసాయన సంకేతములతో ఒకదానినొకటి పిలుచుకొనును. పని తీరగానే ఆ పిలుపులు ఆగవలెను. ముదిమిలో అవి ఆగవు. శత్రువు లేకున్నను శోథ నివురుగప్పిన నిప్పువలె రగులుచునే యుండును. నిజమైన శత్రువు వచ్చినపుడు మాత్రము సేన మందగించును. దీనిని ఇటలీ శాస్త్రజ్ఞుడు క్లాడియో ఫ్రాంచెస్కీ 2000లో జరాశోథగ ప్రతిపాదించి పేరిడెను. ముసలి ప్రేగుగోడ సడలి సూక్ష్మజీవుల శకలములు రక్తమున చేరుటయు నొక కారణమని, సూక్ష్మజీవులు లేకుండ పెంచిన ఎలుకలపై 2017లో ప్రకటితమైన పరిశోధన సూచించెను.

మెచ్నికాఫ్ 1916 జూలైలో, 71 యేండ్ల వయసున, గుండెజబ్బుతో పారిస్ లో మరణించెను. అవసానమున తోటి వైద్యుని పిలిచి, శవపరీక్షలో తన ప్రేగులను శ్రద్ధగా చూడుమని కోరెను.