తరిగొండ వెంగమాంబ

రాయలసీమ వానకు మొగము వాచిన నేల. పడమట రాయదుర్గము మొదలుకొని దక్షిణమున గుఱ్ఱంకొండ వఱకు ఎటు చూచినను రాతిగుట్టలును, ఎఱ్ఱని మెట్టచేలును, నీటికై ఎదురుచూచు చెఱువులును కానవచ్చును. ఇట్టి సీమలో ఒక యింట తినునట్టి నోరు ఒకటి హెచ్చినను ఇంటివారికి బరువుగానే తోచెడిది. అందును భర్తను గోల్పోయి పుట్టినిల్లు చేరిన ఆడుబిడ్డ బ్రతుకు మఱింత కష్టము. ఇంటిలో ఆమెకు పనియుండునుగాని మాట యుండదు. కూడు దొరకునుగాని గౌరవము దొరకదు. అట్టి బ్రతుకున పుట్టి పెరిగి, తన పేరు తెలుగుదేశమున చిరకాలము నిలుపుకొనిన వనిత తరిగొండ వెంగమాంబ.

గుఱ్ఱంకొండకు చేరువనున్న తరిగొండ గ్రామమున లక్ష్మీనరసింహస్వామి ఆలయము కలదు. ఆ గ్రామమున 1730వ సంవత్సర ప్రాంతమున కానాల కృష్ణయ్య, మంగమ్మ అను దంపతులకు వెంగమాంబ జన్మించెను. ఆమె చిన్ననాటి నుండియు ఆటపాటలకంటె ఆలయమునందే ఎక్కువ మక్కువ చూపెడిది. ఆ కాలపు ఆచారమునుబట్టి తల్లిదండ్రులు ఆమెకు బాల్యముననే వివాహము చేసిరి. కాని కాపురము చేయక మునుపే భర్త గతించెను. లోకము తెలియని పసితనముననే ఆమె వితంతువయ్యెను.

ఆనాటి కట్టుబాట్లు కఠినములు. భర్త పోయిన స్త్రీ తల వెండ్రుకలు తీయించుకొనవలెను, పూవులును కుంకుమయు విడువవలెను, శుభకార్యములందు ఎదురుపడరాదు. వెంగమాంబ వీనికి సమ్మతింపలేదు. తనకు నిజమైన నాథుడు భగవంతుడే గనుక తాను వితంతువును కానని ఆమె నిశ్చయము. ఊరివారు ఆగ్రహించిరి. బంధువులు నిందించిరి. కొందఱు పీఠాధిపతికి మొఱపెట్టుకొనిరనియు, ఆయన యెదుటను ఆ బాలిక తన పట్టు విడువలేదనియు పెద్దలు చెప్పుదురు. కుమార్తెపై ప్రేమ యొకవైపు, లోకనింద యొకవైపు లాగుచుండ, ఆ తండ్రి ఎంత నలిగియుండునో మనము ఊహింపవచ్చును. తుదకు ఆయన మదనపల్లెలోని రూపావతారము సుబ్రహ్మణ్యశాస్త్రిని ఆశ్రయించి, కుమార్తెకు ఆయనచేత ఉపదేశము చేయించెను. ఆ గురువు ఆమెకు యోగమార్గమును, వేదాంతమును బోధించెను.

పుట్టినింట ఆమెకు ఒక మూల తప్ప వేఱు చోటు లేదు. ఆ మూలనే ఆమె పాఠశాలగా చేసికొనెను. తాను ఛందస్సు మొదలైనవి గురువులయొద్ద క్రమముగా నేర్వలేదని ఆమెయే తన కావ్యమున వినయముతో చెప్పుకొనినది. అయినను తరిగొండ నరసింహునిపై శతకమును, మఱికొన్ని గ్రంథములను ఆమె అచటనే రచించెను. ఇల్లు తనది కాకపోయినను, పని తనదిగా చేసికొనవచ్చునని ఆమె గ్రహించెను.

కాలము గడచినకొలది గ్రామమున ఆమెకు ఊపిరి సలుపని స్థితి యేర్పడెను. అప్పుడామె తరిగొండను విడిచి తిరుమలకు చేరెను. నాటి తిరుమల నేటివంటిది కాదు. కొండపైకి మోటారు బాట 1944లోగాని ఏర్పడలేదు. చుట్టును దట్టమైన అడవి, ఎడతెగని చలి, అర్చకులును, మఠములవారును, కొలదిమంది పరిచారకులును మాత్రమే అచట నివసించెడివారు. ఒంటరి స్త్రీకి అచట నిలువనీడ దొరకుట సులభము కాదు. ఆలయమువారి ఆదరమున ఆమెకు వసతియు ప్రసాదమును లభించెను. తాళ్లపాక వంశమువారు ఆమెకు తోడ్పడిరని చెప్పుదురు. కాని పరుల పంచను బ్రతుకుట అచటను తేలిక కాలేదు. ఇరుగుపొరుగువారి బాధ పడలేక ఆమె ఊరు విడిచి, అడవిలోని తుంబురుకోనకు పోయి, కొన్ని సంవత్సరములు ఒంటరిగా తపస్సు చేసెనని ప్రతీతి.

అక్కడినుండి మరలివచ్చిన పిమ్మట ఆమె జీవితము క్రొత్త త్రోవ పట్టెను. కొండమీది జనులు ఆమెను తమలో నొకతెగా స్వీకరించిరి. ఆమెయు పాత కోపములను తలపక వారితో కలసిపోయెను. వయస్సు మీఱుచున్నను ఆమె దినచర్య సడలలేదు. పగలు రచన, మాపు ఆలయసేవ. వేంకటాచలమాహాత్మ్యము, ద్విపద భాగవతము, వాసిష్ఠరామాయణము మొదలైన గ్రంథములు ఆమె కలమునుండి వెలువడినవి. యక్షగానములను సైతము ఆమె రచించెను. ద్విపద రెండేసి పాదములుగా సాగు తేలికైన ఛందస్సు. చదువు రానివారును విని పాడుకొనదగినది. తనవలె మూలల నొదిగియున్న స్త్రీల చెవిని సైతము ఆ పాట పడగలదు.

రాత్రి ఏకాంతసేవ ముగియు వేళ స్వామికి ఆమె హారతి యిచ్చెడిది. అదియే ముత్యాల హారతి. ఏకాంతసేవయందు తాళ్లపాకవారి లాలిపాటయు, తరిగొండవారి హారతియు నేటికిని సాగుచున్నవి. శుభకార్యమున ఎదురుపడరాదని ఒకనాడు లోకము వెలివేసిన స్త్రీ పేరిట, ఆ దేవాలయమున దినమున కడపటి హారతి వెలుగుచున్నది.

ఆమె బ్రతికిన కాలము అలజడుల కాలము. హైదరు సేనలు, నవాబుల వసూళ్లు, పిదప కుంపిణీ దొరతనము ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. 1791, 1792 సంవత్సరములలో దక్కను సీమను ఘోరమైన కరవు పీడించెను. 1801లో తిరుమల ఆలయ నిర్వహణము కుంపిణీవారి చేతికి పోయెను. ఇట్టి రోజులలో ఆమె దాతల సాయముతో యాత్రికులకు అన్నము పెట్టించెను. ఆకలి యెట్టిదో, పరుల చేతి కూడు ఎంత బరువో ఎఱిగినది గనుక, ఆమె పెట్టిన అన్నమున చులకన లేదు. ఒకప్పుడు ఇంటికి బరువని తలపబడిన ఆ నోరు, వృద్ధాప్యమున పదిమందిని భోజనమునకు పిలిచిన నోరయ్యెను.

వెంగమాంబ 1817లో తన యెనుబదియేడవ యేట పరమపదించెను. తిరుమలలో ఆమె బృందావనము నేడు ఒక పాఠశాల ఆవరణమున నున్నది. పిల్లలు చదువుకొను చోట ఆమె విశ్రమించుట ఎంతయు తగియున్నది. 2011లో తిరుమలయందు నెలకొల్పిన గొప్ప అన్నప్రసాద భవనమునకు ఆమె పేరే పెట్టిరి. అచట నిత్యము వేలకొలది యాత్రికులు పంక్తులు తీరి భుజించుచున్నారు.

మన యిండ్లలోను వయసు మీఱిన మేనత్తలో, అమ్మమ్మలో, పెద్దమ్మలో ఒక మూల ఒదిగి యుండవచ్చును. వారికి కూడు పెట్టినంత మాత్రమున మన ధర్మము తీరినట్లు కాదు. వారి మాట విందుము. వారు చేయగల పనిని వారి చేతులలో నుంచుదుము. ఆ మూలనుండి యే పాట వెలువడునో ముందుగా ఎవరెఱుగుదురు?