డిసెంబరు 15: ఒకే తేదీన కన్నుమూసిన ఇద్దరు గాంధేయులు

నెల్లూరు: డిసెంబరు 15వ తేదీ మన జిల్లావారు మరువరాని రోజు. 1950లో ఆ రోజున బొంబాయిలో సర్దార్ వల్లభభాయ్ పటేల్ కన్నుమూశారు. సరిగ్గా రెండేళ్ళకు, 1952లో అదే తేదీ రాత్రి మద్రాసులో పొట్టి శ్రీరాములు ప్రాణం విడిచారు. తెలుగువారి ఇళ్ళకు తన బొమ్మలతో బంధువైన బాపు పుట్టినదీ ఆ తేదీనే. 1933లో నరసాపురంలో పుట్టిన ఆయనకు, శ్రీరాములు పోయిన రోజుకు 19 ఏళ్ళు నిండాయి.

పటేల్, శ్రీరాములు ఇద్దరూ గాంధీజీ వెంట నడిచినవారే. ఒకరు అయిదు వందలకు పైగా సంస్థానాలను దేశంలో కలిపిన ఉప ప్రధాని. ఇంకొకరు ఏ పదవీ లేకుండా, కాలికి చెప్పులు లేకుండా నెల్లూరు వీధుల్లో తిరిగిన మనిషి. ఆంధ్ర రాష్ట్రం విషయంలో మాత్రం ఈ ఇద్దరి దారులూ వేరయ్యాయి.

రైల్వే ఉద్యోగం వదిలి

శ్రీరాములు పూర్వీకులది అప్పటి నెల్లూరు జిల్లా కనిగిరి ప్రాంతంలోని పడమటిపల్లి. తండ్రి గురవయ్య, తల్లి మహాలక్ష్మమ్మ. 1901 మార్చి 16న మద్రాసులో పుట్టారు. అక్కడే చదువుకుని, బొంబాయి వెళ్ళి శానిటరీ ఇంజనీరింగు నేర్చారు. గ్రేట్ ఇండియన్ పెనిన్సులర్ రైల్వేలో ఉద్యోగం దొరికింది. నెలకు 250 రూపాయల జీతం. ఆ రోజుల్లో అది చిన్న సొమ్ము కాదు.

ముప్పై ఏళ్ళు నిండకముందే భార్య పోయింది. పుట్టిన పసిబిడ్డ కూడా దక్కలేదు. ఆ దెబ్బతో ఆయన మనసు సంసారం మీద నుంచి మళ్ళింది. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి సబర్మతి ఆశ్రమం చేరారు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు. తరువాత వ్యక్తి సత్యాగ్రహంలోనూ, క్విట్ ఇండియా ఉద్యమంలోనూ మళ్ళీ జైలు చూశారు. బయట ఉన్నన్ని రోజులూ ఖాదీ, గ్రామసేవ, అంటరానితనం నిర్మూలన. ఇవే ఆయన పనులు.

మూలపేట గుడి తలుపులు

మన జిల్లావారు ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన ఘట్టం ఇక్కడ వస్తుంది. నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి ఆనాడు హరిజనులని పిలిచే దళితులకు ప్రవేశం లేదు. 1946లో శ్రీరాములు ఈ విషయం మీద నిరాహారదీక్ష పట్టారు. గుడిలోకి వారిని రానిచ్చేదాకా ఆయన దీక్ష విడవలేదు.

అంతటితో ఊరుకోలేదు. దళితుల మేలు కోసం ప్రభుత్వం ఉత్తర్వులు ఇవ్వాలని మళ్ళీ దీక్షకు కూర్చున్నారు. ఫలితంగా వారంలో కనీసం ఒక రోజు ఈ పనులు చూడాలని మద్రాసు ప్రభుత్వం జిల్లా కలెక్టర్లకు ఆదేశాలు పంపింది. 1946 నుంచి 1948 వరకు ఈ విధంగా ఆయన మూడుసార్లు దీక్ష పట్టారు.

అంటరానితనం పోవాలని రాసిన అట్టలు మెడలో వేలాడదీసుకుని, గొడుగు కూడా లేకుండా ఎండలో నెల్లూరు వీధులు తిరిగేవారు. సంగతి తెలియనివారు ఆయనను పిచ్చివాడనుకున్నారు. తెలిసినవారిలోనూ, సొంత కులం పెద్దలు కొందరు ఈ పనులకు ఆయనను తప్పుపట్టారు. ఆయన ఎవరితోనూ తగువుకు దిగలేదు. మరునాడు మళ్ళీ అదే అట్ట, అదే వీధి.

పటేల్ కమిటీ చెప్పినదేమిటి

స్వరాజ్యం వచ్చాక తెలుగు జిల్లాలకు వేరు రాష్ట్రం కావాలన్న పాత కోరిక మళ్ళీ బలపడింది. భాషను బట్టి రాష్ట్రాలను విడదీసే విషయం పరిశీలించడానికి 1948 డిసెంబరులో కాంగ్రెసు ఒక కమిటీ వేసింది. జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభభాయ్ పటేల్, మన పట్టాభి సీతారామయ్య అందులో సభ్యులు. దేశం అప్పుడే విభజన గాయం తిని ఉంది కనుక భాషా రాష్ట్రాలకు ఇది సమయం కాదని వారు భావించారు. ఆంధ్రుల విషయంలో మాత్రం, మద్రాసు నగరం మీద ఆశ వదులుకుంటే ఆలోచించవచ్చని 1949లో చెప్పారు. మద్రాసు దగ్గరే పీటముడి పడింది. రాష్ట్రం రాలేదు.

1951లో స్వామి సీతారాం గుంటూరు జిల్లాలో 35 రోజులు నిరాహారదీక్ష చేశారు. వినోబా భావే మాట మీద దానిని విరమించారు. అప్పటికి పటేల్ లేరు. ఢిల్లీలో నిర్ణయమూ లేదు.

యాభై ఎనిమిది రోజులు

1952 అక్టోబరు 19న మద్రాసు మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారి ఇంట శ్రీరాములు దీక్ష ప్రారంభించారు. సాంబమూర్తి గారు మద్రాసు శాసనసభకు పూర్వం స్పీకరుగా చేసినవారు. మద్రాసు నగరంతో కూడిన ఆంధ్ర రాష్ట్రం కావాలన్నది శ్రీరాములు కోరిక. మొదట్లో ఎందరో పట్టించుకోలేదు. సీతారాం దీక్ష మాదిరే ఇదీ ఎక్కడో ఒకచోట ఆగుతుందనుకున్నారు. మూలపేట గుడి దగ్గర ఆయన పట్టుదల చూసిన నెల్లూరువారికి మాత్రం, ఈయన మధ్యలో లేచేవారు కారని తెలిసే ఉండాలి.

వారాలు గడిచాయి. శరీరం క్షీణించింది. ఢిల్లీ నుంచి స్పష్టమైన ప్రకటన రాలేదు. 58వ రోజు, డిసెంబరు 15 రాత్రి ఆయన ప్రాణం పోయింది. అప్పటికి ఆయన వయసు 51 సంవత్సరాలు.

మరునాటి నుంచి తెలుగు జిల్లాలు అట్టుడికిపోయాయి. నెల్లూరు మొదలు శ్రీకాకుళం దాకా జనం రోడ్ల మీదికి వచ్చారు. రైళ్ళు ఆగాయి. పోలీసు కాల్పుల్లో పలువురు చనిపోయారు. బతికి ఉండగా 58 రోజుల్లో రాని మాట, ఆయన పోయిన నాలుగు రోజులకే వచ్చింది. డిసెంబరు 19న ప్రధాని నెహ్రూ పార్లమెంటులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు ప్రకటించారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా పదకొండు జిల్లాల రాష్ట్రం వచ్చింది. అయితే మద్రాసు రాలేదు. ఆ ఒక్క విషయంలో పటేల్ కమిటీ చెప్పిన మాటే నిలిచింది.

పేరు మిగిలింది, పని మిగిలింది

2008లో మన జిల్లాకు ఆయన పేరు పెట్టారు. మైలాపూరులో ఆయన తనువు చాలించిన ఇల్లు స్మారక భవనమైంది. ఊరూరా విగ్రహాలు లేచాయి. ఏటా డిసెంబరు 15న పూలదండలు పడతాయి.

దండ వేసేటప్పుడు ఒక సంగతి మరువరాదు. శ్రీరాములు రాష్ట్రం కోసం పట్టిన దీక్ష ఒకటే. అంతకుముందు అంటరానితనం పోవాలని పట్టిన దీక్షలు మూడు. ఒక కులంవారు తమ మనిషి అని చెప్పుకున్నంత మాత్రాన ఆయనకు గౌరవం చేసినట్టు కాదు. ఆయన బతికినదే ఆ గోడ దాటి.

రాష్ట్రం వచ్చింది, పెరిగింది, 2014లో మళ్ళీ రెండయింది. అదంతా పెద్దల చేతుల్లోని పని. మన ఊరి గుడి గడప, మన ఊరి మంచినీళ్ళ బావి మాత్రం మన చేతుల్లోనివే. అక్కడ ఇంకా ఎవరినైనా దూరంగా నిలబెడుతున్నామేమో, ఈ డిసెంబరు 15న ఊరివారంతా కూర్చుని ఒక్కసారి చూసుకుంటే, ఆయన మెడలో మోసిన అట్టకు మనం జవాబు చెప్పినట్టవుతుంది.