ప్రసవ వేదనకు మందు వెదకిన వైద్యుడు: సర్ జేమ్స్ యంగ్ సింప్సన్

ఈ నెల ఆదికాండము 3వ అధ్యాయము తెరచి ప్రక్కన ఉంచుకొని దీనిని చదువుడి. చదువురాని తల్లులకు చదివి వినిపించుడి. ఇది ముఖ్యముగా వారి సంగతి.

శంషాబాదు చుట్టుపట్ల పల్లెలలో ఒకప్పుడు ప్రసవమనగా ఒక చీకటిగది, నులకమంచము, మంత్రసాని, బయట అరుగుమీద ఏమియు తోచక కూర్చున్న మగవారు. 2008లో అక్కడ విమానాశ్రయము తెరువబడెను. పొలములు దున్నిన నేలమీద నేడు విమానములు దిగుచున్నవి, గర్భిణులు ఆసుపత్రులకు పోవుచున్నారు. అయినను పాత ప్రశ్న యొకటి పోలేదు. నొప్పి లేకుండ కనవచ్చునా? కనవచ్చునన్నను, విశ్వాసురాలు అట్లు కోరవచ్చునా? మేమందరము ఓర్చుకొనలేదా అని అత్తలు అందురు. మరికొందరు ఆదికాండములోని మాట చూపి కోడలి నోరు మూయింతురు. ఈ ప్రశ్ననే ఎదుర్కొనిన వైద్యుని జీవితమును ఇక్కడ చెప్పెదను. ఆయన స్కాట్లాండు దేశస్థుడు. కాని ఆయన పరీక్షించి వాడుకలోనికి తెచ్చిన మందు తరువాత మన మూసీ ఒడ్డున గొప్ప విచారణకు వచ్చెను.

జేమ్స్ సింప్సన్ 1811 జూన్ 7న బాత్‌గేట్ అను చిన్న ఊరిలో రొట్టెలు కాల్చి అమ్ముకొను వాని యింట ఏడవ కుమారుడుగా జన్మించెను. తొమ్మిదేండ్లవాడై యుండగా తల్లి చనిపోయెను. అక్క యతనిని పెంచెను. చదువులో చురుకైనవాడగుటచే తండ్రియు అన్నలును తమ కష్టార్జితమునుండి తీసి యిచ్చి, పదునాలుగేండ్లకే ఎడిన్‌బరో విశ్వవిద్యాలయమునకు పంపిరి. ఇంటిలో ఒకడైనను చదువవలెనని కడుపు కట్టుకొను కుటుంబములు మన సంఘములలోను కలవు. వారికి ఈ సంగతి వివరింపనక్కరలేదు.

ఆ దినములలో మత్తుమందు లేదు. రోగిని పట్టి, కట్టి, మెలకువగా నుండగనే కోసెడివారు. విద్యార్థియైన సింప్సన్ ఒకనాడు ఒక పేద స్త్రీకి రొమ్ముమీద చేయు శస్త్రచికిత్స చూచి, ఆమె బాధకు తాళలేక బయటకు వచ్చి, వైద్యము మాని కచ్చేరీలో గుమాస్తా పని చూచుకొందమని తలంచెను. కాని మరల తిరిగి వచ్చెను. ఆ బాధను తీసివేయు మార్గమేదైన ఉండదా అను తలంపు మాత్రము ఆయనను విడువలేదు. 1840లో, ఇరువది యెనిమిదేండ్ల ప్రాయముననే, ఆయన ప్రసవశాస్త్రమునకు ఆచార్యుడాయెను.

1846 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ నగరమున ఈథరు అను మందు పీల్పించి నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స చేసిరి. ఆ వార్త సముద్రము దాటి రాగానే, 1847 జనవరి 19న సింప్సన్ దానిని ప్రసవ సమయమున ఒక తల్లికి ఇచ్చెను. నొప్పి పోయినను గర్భాశయము తన పని మానలేదు. ఇది గొప్ప సంగతి. నొప్పి లేనిదే బిడ్డ రాదని అందరును తలంచుచుండిరి. గర్భాశయపు కండరములు బిగిసి సడలుచు గర్భద్వారమును తెరచును. ఆ బిగియుట వేరు, దాని బాధను తల్లి యెరుగుట వేరు అని అప్పుడు తేలెను.

ఈథరు వాసన ఘాటు, దగ్గు తెప్పించును. అంతకంటె మంచిది వెదకుచు, సింప్సన్ తన స్నేహితులైన యిద్దరు వైద్యులతో రాత్రులందు భోజనపు బల్ల యొద్ద కూర్చుండి రకరకముల ద్రవములు పీల్చి చూచుచుండెను. నవంబరు 4వ తేదీన క్లోరోఫారము వంతు వచ్చెను. ముగ్గురును మొదట ఉల్లాసముతో బిగ్గరగా మాటలాడి, కొంతసేపటికి బల్లక్రింద పడి నిద్రించుచుండిరి. పెద్ద ఆచార్యులు నేలమీద పడియుండుట ఆ యింటివారికి ఎట్లు తోచెనో గాని, లోకమునకు అది మేలైన రాత్రి. నాలుగు దినములకే ఒక వైద్యుని భార్యకు ప్రసవములో దానిని ఇచ్చెను. ఆమె మేలుకొని, తన ప్రసవమైనదనియు చేతికిచ్చిన బిడ్డ తనదేననియు నమ్మలేకపోయెను.

అప్పుడు ఆక్షేపణలు లేచెను. మతగురువులందరును ఆయనపై విరుచుకుపడిరని తరచుగా చెప్పుదురు. చరిత్రకారులు వెదకి చూడగా అట్టి వ్రాతలు కొద్దియే దొరకెను. వైద్యులలోనే కొందరు, ప్రసవ వేదన ప్రకృతి సిద్ధము, దానిని ముట్టరాదని గట్టిగా వాదించిరి. అయినను దైవభక్తిగల తల్లుల మనస్సులో సందేహముండెను. సింప్సన్ వారి నిమిత్తము 1847 డిసెంబరులో ఒక చిన్న పుస్తకము ప్రకటించి, వాక్యమునుండియే జవాబు చెప్పెను.

ఆయన వాదమును మన తెలుగు బైబిలులోనే పరిశీలింపవచ్చును. 16వ వచనములో స్త్రీకి చెప్పబడిన మాటలలో ప్రయాసము అను పదము కలదు. 17వ వచనములో పురుషునికి, అతని సేద్యమును గూర్చి, అదే పదము కలదు. హెబ్రీ భాషలోను రెండు చోట్ల ఒకే మాటయే. ఆ మాటకు శ్రమ, కష్టము అని అర్థమనియు, ప్రసవపు నొప్పులకు వాక్యములో వేరు మాటలున్నవనియు సింప్సన్ చెప్పెను. పండితులందరును దీనిని ఒప్పుకొనరు. నాకును ఇది కొంత సాగదీసినట్లే తోచుచున్నది. కాని ఆయన రెండవ మాటకు జవాబు చెప్పుట కష్టము. నేల ముండ్ల తుప్పలను మొలిపించునని చెప్పబడినది గదా, మరి రైతు వాటిని పెరికివేయుట పాపమా? చెమటోడ్చవలెనని చెప్పబడినది గదా, ఎద్దులను నాగలికి కట్టుట తప్పా? మన పొలములలో కలుపు తీయువారు పెద్దపాలు స్త్రీలే. ఆదాముకు చెప్పిన దానిని వారు తమ చేతులతో తగ్గించుచున్నారు. హవ్వకు చెప్పిన దానిని తగ్గించుటకు మాత్రము వారినే ఆపుచున్నాము. ఇదిగాక, దేవుడు ఆదాము ప్రక్కటెముకను తీయుటకు ముందు అతనికి గాఢనిద్ర కలుగజేసెనని 2వ అధ్యాయములో నున్నది. దానిని సింప్సన్ మరువక చూపెను.

అయితే క్లోరోఫారము ప్రమాదము లేని మందు కాదు. 1848 జనవరిలో ఇంగ్లాండులో పదునైదేండ్ల బాలిక, కాలిగోరు తీయుటకు దానిని పీల్చి, నిమిషములలో మరణించెను. తరువాతను మరణములు కలిగెను. ఆ భయముండగనే 1853 ఏప్రిల్ 7న విక్టోరియా రాణి ప్రసవమునకు జాన్ స్నో అను వైద్యుడు రుమాలుమీద కొద్దికొద్దిగా చల్లి యిచ్చెను. రాణి స్పృహ తప్పలేదు, నొప్పి తగ్గెను. దానితో సామాన్య స్త్రీల సంకోచమును చాలవరకు తగ్గెను. దొరసాని చేసినది ఊరంతయు చేయుట అన్ని దేశములలోను కలదు.

సింప్సన్‌కు బిరుదులు వచ్చెను గాని యిల్లు నిండలేదు. తొమ్మిదిమంది పిల్లలలో అయిదుగురు ఆయన బ్రతికియుండగనే చనిపోయిరి. ప్రసవ వేదనకు మందు తెచ్చిన వానికి కడుపుకోతకు మందు దొరకలేదు. యాబదేండ్ల ప్రాయమున ఆయన భక్తి మరింత గాఢమై, సువార్త కూటములలో సాక్ష్యమిచ్చుచుండెను. 1870 మే 6న మరణించెను. రాజులను పూడ్చు వెస్ట్‌మినిస్టర్ దేవాలయములో స్థలమిత్తుమన్నను, కుటుంబమువారు ఎడిన్‌బరోలోనే పూడ్చిపెట్టిరి.

ఎడిన్‌బరోలో చదివిన ఎడ్వర్డ్ లారీ అను వైద్యుడు 1885లో హైదరాబాదుకు వచ్చి, అచ్చటి వైద్య పాఠశాలకు అధిపతియాయెను. క్లోరోఫారము ఎందుచేత చంపునో తెలిసికొనుటకు నిజాము మహబూబ్ అలీఖాన్ ధనమిచ్చి 1888లోను 1889లోను రెండు విచారణ సంఘములను నియమించెను. రెండవదానికి లండన్ నుండి లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుడు వచ్చెను. వందలాది జంతువులపై పరీక్షించి, ముందు ఆగునది ఊపిరియేగాని గుండె కాదు, కావున మందిచ్చువాడు ఊపిరిని కనిపెట్టి యుండవలెనని తేల్చిరి. ఇది సగమే నిజమని, గుండెయు హఠాత్తుగా ఆగవచ్చునని 1911 నాటికి ఋజువాయెను. అయినను ఊపిరిని విడువక చూడవలెనను హెచ్చరిక మేలే చేసెను. ఆ దినములలోనే ఆ పాఠశాలలో రూపాబాయి ఫర్దూన్జీ అను పారసీ స్త్రీ చదువుకొని, 1889 మొదలు ఈ నగరపు ఆసుపత్రులలో మత్తుమందిచ్చు వైద్యురాలుగా పనిచేసెను. లోకములోనే ఆ పనిచేసిన మొదటి స్త్రీలలో ఆమె యొకతె.

క్లోరోఫారము వాడుక ఏనాడో పోయినది. నేడు నగరములోని అనేక ఆసుపత్రులలో నడుమునొద్ద వెన్నులో సన్నని గొట్టము ద్వారా మందిచ్చెదరు. దీనిని ఎపిడ్యూరల్ అందురు. చాలమందికి నొప్పి బహుగా తగ్గును, కొందరికి పూర్తిగా పోదు. రక్తపుపోటు తగ్గవచ్చును, బిడ్డను బయటకు నెట్టు సమయము కొంత పెరుగవచ్చును, రక్తము గడ్డకట్టని జబ్బున్నవారికి అది తగదు. మత్తు వైద్యుడు దగ్గర నుండవలెను. అందుచేత దానిని నొప్పులు మొదలైన రాత్రి కాక, నెలలు నిండకముందే వైద్యురాలిని అడిగి తెలిసికొనవలెను. మందు తీసికొనని తల్లికి సహితము, ధైర్యము చెప్పు స్త్రీ యొకతె విడువక ప్రక్కన నుండిన యెడల మందు అవసరము తగ్గునని పరిశోధనలు చూపినవి. మన మంత్రసానులు, రాహేలు ప్రక్కన నిలిచిన ఆ మంత్రసాని, ఈ పనియే చేసిరి. ఒక్కొక్క తల్లికి ఒక్కొక్క తీరున నొప్పి వచ్చును. ఒకతె గంటలలో కనును, ఒకతె రాత్రింబగళ్లు పడును.

వెన్నులో మందు తీసికొనిన తల్లి నిద్రపోదు. మెలకువగనే యుండి, బిడ్డ మొదటి ఏడ్పును తన చెవులతో వినును.